అడవికి పోయేముందు ఒక ప్రశ్న



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత యువజనులు కొందరు గుడి వసారాలో నా కోసం కాచుకొని ఉన్నారు. మదనపల్లె పిల్లలు అయిదుగురు, పుంగనూరు నుంచి ముగ్గురు, కుప్పం నుంచి ఇద్దరు. మూడు విచారణల వారు ఒకచోట చేరారంటే ఏ క్రికెట్ పోటీయో అనుకున్నాను. కాదు. వారి చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది.

"స్వామీ, తలకోనకు పోవాలనుకుంటున్నాం. బస్సులో పోయి జలపాతం కింద నిలబడి ఫోటోలు తీసుకొని వచ్చే యాత్ర కాదు. సంచులు వీపున వేసుకొని రెండు రోజులు నడవాలి. మీ దీవెన కావాలి. ఈ కాగితం మీద మీ సంతకం కూడా కావాలి" అన్నారు.

దీవెన అప్పుడే ఇచ్చాను. సంతకం దగ్గరే నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నా మనసులో మెదిలిన సంగతులను ఈ వారం మీ ముందు పెడుతున్నాను. మీలో చాలామంది ఇటువంటి బిడ్డల తల్లిదండ్రులు. ఈ రోజో రేపో ఇటువంటి నోటుపుస్తకం మీ ఇంట్లోనూ తెరుచుకుంటుంది.

తలకోన మనకు కొత్త చోటు కాదు. మదనపల్లె నుంచి పీలేరు, భాకరాపేట మీదుగా నెరబైలు చేరితే అడవి మొదలైనట్టే. 270 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకే ఆ జలపాతం, పక్కనే సిద్ధేశ్వరస్వామి గుడి, చెట్టు నుంచి చెట్టుకు పాకే లావుపాటి గిల్లతీగలు ఎన్నో సినిమాల్లో కూడా కనిపించాయి. కానీ అక్కడికి పోయే జనంలో ఎక్కువమంది ఒక సంగతి గమనించరు. ఆ చోటు శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో భాగం. 1989లో ఏర్పడిన ఆ వనం విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం లోకంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దేవాంగపిల్లి, బంగారు బల్లి వంటి ప్రాణులకు అది ఇల్లు. అంటే మనం పోయేది ఉద్యానవనానికి కాదు, ఇతరుల ఇంటికి.

నోటుపుస్తకం తిరగేశాను. మొదటి రోజు జలపాతం, దాని పైభాగం. బాగానే ఉంది. రెండో రోజు దగ్గర నా వేలు ఆగిపోయింది. అటవీ శాఖవారు చూపే దారి వదిలేసి, ఎవరో స్నేహితుడు ఫోనులో పంపిన గుర్తుల ప్రకారం కొండల లోపలికి పోవడం, రాత్రికి ఏటి పక్కన బండ మీద పడుకోవడం, మంట వేసుకొని వంట చేసుకోవడం.

"దీనికి అనుమతి ఉందా, నాయనా?"

"అడిగితే ఇవ్వరు స్వామీ. అడగకుండా పోతే ఎవరికీ తెలియదు."

ఈ జవాబు చెప్పినవాడు మదనపల్లె టమోటా మండీలో లెక్కలు రాసే కుర్రాడు. చురుకైనవాడు, మొహమాటం లేనివాడు. నేను ముఖం చిట్లించడం చూసి ఇంకొక మాట అన్నాడు. "మేం ఎవరికి చెరుపు చేస్తున్నాం స్వామీ? దొంగతనం చేయడం లేదు, చెట్టు కొట్టడం లేదు. ఏమన్నా అయితే మాకే అవుతుంది. మా ప్రాణం మా ఇష్టం."

అప్పుడు నేను కోప్పడి ఉండవచ్చు. "పెద్దలకు ఎదురు చెబుతావా?" అని నోరు మూయించి ఉండవచ్చు. గురువులకు ఆ అలవాటు కొంచెం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట తేలికగా తోసిపుచ్చదగింది కాదు. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు మా ఆచార్యులు ఇదే ప్రశ్న మీద మాకు ఒక వారం పాఠం చెప్పారు. ఇంగ్లండుకు చెందిన జాన్ స్టువర్ట్ మిల్ అనే తత్త్వవేత్త 1859లో స్వేచ్ఛను గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక మనిషి చేసే పని వల్ల హాని తనకొక్కడికే అయితే అతణ్ణి బలవంతంగా ఆపే అధికారం సంఘానికి లేదన్నది ఆయన వాదం. అందులో ఒక వంతెన ఉదాహరణ ఉంది. కూలిపోయేలా ఉన్న వంతెన మీదికి ఒకడు నడుస్తున్నాడు. అతనికి ఆ సంగతి తెలియదనుకుంటే పట్టి ఆపవచ్చు. కానీ అపాయం ఉండవచ్చు, ఉండకపోవచ్చు అన్నట్టుగా ఉండి, ఆ సంగతి తెలిసే అతను అడుగు వేస్తుంటే హెచ్చరించాలే తప్ప అడ్డుకోరాదు. మన మండీ కుర్రాడు మిల్‌ను చదవలేదు గాని అదే మాట అన్నాడు.

ఆ వాదంలో నిజం లేకపోలేదు. బిడ్డలను దూది చుట్టి పెట్టెలో దాచే తల్లిదండ్రులను నేను చూశాను. ఏటికి పంపరు, చెట్టు ఎక్కనివ్వరు. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ఆ పిల్లవాడికి కాళ్ళుంటాయి గాని కాళ్ళ మీద నమ్మకం ఉండదు. పోలండు దేశంలో కరోల్ వోయ్‌తివా అనే యువగురువు 1950లలో విద్యార్థులను వెంటబెట్టుకొని కొండల్లో నడిచేవారు, పడవలు నడిపేవారు. గురువులు యువజనులతో అలా తిరగడం అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వానికి నచ్చదు కనుక పిల్లలు ఆయనను 'మామ' అని పిలిచేవారు. ఆ మామగారే తరువాత రెండవ జాన్ పాల్ పోపుగారు అయ్యారు. కనుక నడవవద్దనే పక్షం నాది కాదు.

అయితే మిల్ చెప్పిన వంతెన మీద నడుస్తున్నవాడు ఒక్కడు. ఈ నోటుపుస్తకంలో పది పేర్లున్నాయి. 'మా ప్రాణం' అన్న మాటలో ఆ 'మా' ఎవరు? పదిమందిలో ఎంతమంది ఆ బండ మీద పడుకోవడానికి మనసారా ఒప్పుకున్నారు? ఎంతమంది నలుగురిలో పిరికివాడు అనిపించుకోలేక తల ఊపారు?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై అయిదేళ్ళ కిందట, నేను తత్త్వశాస్త్రం రెండో సంవత్సరంలో ఉండగా, సెలవు రోజున తొమ్మిది మంది బ్రదర్లం ఒక కొండ ఎక్కాం. దిగేటప్పుడు, "ఇటువైపు దగ్గర దారి, నాకు తెలుసు" అన్నాను. నాకు తెలియదు. తెలుసని అనిపించింది, అంతే. అరగంటలో వదులు రాళ్ళ మీద ఒక బ్రదరు జారి పడ్డాడు. చీలమండ విరిగింది. పొద్దు గూకుతూ ఉంది. కింద పల్లెలో చెనక్కాయలు పెరికే కాలం. పొద్దంతా వంగి పెరికి ఇంటికి చేరిన మనుషులు నలుగురు మా కేకలు విని నులకమంచం ఎత్తుకొని పైకి వచ్చారు. చీకట్లో, రాళ్ళలో, భుజాలు మార్చుకుంటూ అతణ్ణి రోడ్డు దాకా మోసేసరికి నడిరేయి దాటింది. మరునాడు వాళ్ళు పనికి పోగలిగారో లేదో నాకు తెలియదు. వాళ్ళ పేర్లు నేను అడగలేదు. గురువిద్యాలయానికి తిరిగి వచ్చి నా డైరీలో ధైర్యాన్ని గురించి మాత్రం రెండు పేజీలు రాసుకున్నాను.

ఆ బ్రదరు ఇప్పుడు వేరే మేత్రాసనంలో గురువు. ఇప్పటికీ ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తారు. ఎప్పుడు కలిసినా ఆ రాత్రిని గురించి నవ్వుతూ మాట్లాడతారు. నాకు మాత్రం ఆ నలుగురు మనుషులే గుర్తుకు వస్తారు. నా ప్రాణం నా ఇష్టం అనుకొని నేను దారి తప్పాను. దాని బరువు మోసింది ఎవరి భుజాలు?

అడవిలో తప్పు చేసినవాడి కోసం ఇంకొకరు అడవిలోకి పోవాలి. వాచరు పోవాలి, పల్లె మనుషులు పోవాలి, పోలీసు కానిస్టేబులు పోవాలి. వాళ్ళకూ ఇంటి దగ్గర భార్యాబిడ్డలు ఉంటారు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో నడవడానికి పోయిన బృందాలు కార్చిచ్చులో చిక్కుకున్నాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది యువతీయువకులు. వారు నడిచిన దారికి తగిన అనుమతి లేదని తరువాత బయటపడింది. మంటల దగ్గరికి ముందుగా పరుగెత్తింది ఆ చుట్టుపట్ల పల్లెల జనం.

మన దగ్గరి సంగతి కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోన అడవిలో కాలినడకన పోతున్న భక్తుల మీద ఏనుగులు పడ్డాయి. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారు ఏళ్ళ తరబడి అదే దారిన పోతున్నవారు, భక్తితో పోతున్నవారు. వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు, పట్టను కూడా. కానీ ఏనుగుకు యాత్రికుడెవరో, విహారానికి వచ్చినవాడెవరో తెలియదు కదా! పుంగనూరు కుర్రాడొకడు "దేవుడు చూసుకుంటాడులే స్వామీ" అన్నాడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి 'కిందికి దూకు, దేవదూతలు పట్టుకుంటారు' అన్నది ఎవరో, ప్రభువు దూకారో లేదో గుర్తు చేసుకోమన్నాను. వాడు తల గోక్కున్నాడు.

ఈ చర్చ సాగుతుండగా కుప్పం పిల్లల్లో ఒకడి తండ్రి వసారా స్తంభానికి ఆనుకొని అంతా వింటూ ఉన్నాడు. కొడుకును బస్సు ఎక్కించి పోదామని వచ్చిన రైతు. కౌండిన్య అడవి అంచున అతనికి రెండెకరాల చేను ఉంది. చివరికి ఉండబట్టలేక అన్నాడు:

"సామీ, మీ పిల్లకాయలు దుడ్లిచ్చి అడివిలోకి పోతామంటా ఉండారు. మేము దుడ్లు పెట్టి టపాకాయలు కొనుక్కొని, అడివి మా చేన్లోకి రాకుండా తెల్లార్లూ మంచె మీద కూసోనుంటాం."

ఎవరూ నవ్వలేదు.

పాఠకులలో కుప్పం, పలమనేరు వైపు వారికి నేను చెప్పేదేమీ లేదు. మదనపల్లె వారి కోసం చెబుతున్నాను. ఆ అడవుల్లో చాలా తరాలు ఏనుగు అన్నది లేదు. 1980లలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి మందలు ఇటు దాటి వచ్చాయి. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల మేర కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. అప్పటి నుంచి వరి, చెరకు, అరటి, మామిడి వేసిన రైతు ఒక పక్క, తన దారిన తాను తిరిగే ఏనుగు ఒక పక్క. మనుషులు చనిపోయారు. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర రహదారి దాటుతున్న మూడు ఏనుగులను లారీ ఢీకొని చంపింది. 2025లో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి ఇచ్చింది, అడవి ఏనుగులను పొలాల నుంచి మళ్ళించడానికి.

ఈ రైతు మాట నా ఆలోచనను ఒక మలుపు తిప్పింది. అంతవరకు నేను పదిమంది పిల్లల ప్రాణాలను గురించి, వాళ్ళను వెతకబోయే వారిని గురించి ఆలోచించాను. మనం కదిలించే అడవి తిరిగి ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు. రాత్రి వేళ ఏటి పక్కన పదిమంది మంట వేసుకొని పాటలు పాడితే, ఆ ఏటికి నీళ్ళకు వచ్చే మంద ఏం చేస్తుంది? వేరే నీటికి పోతుంది. ఆ వేరే నీరు ఒక పేద రైతు బోరు కింద ఉండవచ్చు. మనం తెల్లవారి సంచులు సర్దుకొని వచ్చేస్తాం. అతను అక్కడే ఉంటాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతి లేకుండా లోపలికి పోరాదని, నిప్పు పెట్టరాదని, జంతువులను అల్లరి పెట్టరాదని, చెత్త పడవేయరాదని చెబుతుంది. సర్కారువారి అడ్డంకులుగా కనిపించే ఆ మాటల వెనక ఇటువంటి మంచె మీది మనిషి కూడా ఉన్నాడు.

సరే, మరి పోవద్దా? పోవాలి. ఎలా పోవాలన్నదే ప్రశ్న.

పాతకాలపు కథ ఒకటి ఉంది. ఇటలీ కవి పెట్రార్కు 1336 ఏప్రిల్ 26న ఫ్రాన్సులోని వెంతూ అనే పర్వతం ఎక్కాడు. శిఖరం మీద పునీత అగస్టీను వారి ఆత్మకథ తెరిచి చదువుకోవడం అందరూ చెప్పే భాగం. నాకు అంతకన్నా ఇష్టమైనది ఆయన బయలుదేరకముందు సంగతి. ఎవరిని వెంట తీసుకుపోవాలి అని స్నేహితులను ఒక్కొక్కరినే మనసులో తూచాడు. ఒకడు మరీ నిదానం, ఒకడు మరీ తొందర. ఒకడు దిగులు మనిషి, ఒకడు అతిగా ఉల్లాసం. ఒకడు బలహీనుడు. ఇంటి దగ్గర ఈ లోపాలన్నీ ప్రేమ భరిస్తుంది గాని ప్రయాణంలో భారమవుతాయని తలచి, చివరికి సొంత తమ్ముణ్ణి వెంటబెట్టుకున్నాడు. కొండ పాదాన ఒక ముసలి గొర్రెలకాపరి ఎదురై, 'యాభై ఏళ్ళ కిందట నేనూ ఎక్కాను, ఒళ్ళు గీసుకుపోవడం, బట్టలు చిరగడం తప్ప దక్కిందేమీ లేదు, పోవద్దు' అని బతిమాలాడు. వాళ్ళు వినలేదు. అయినా అక్కరలేని బట్టలూ సామానూ ఆ ముసలాయన దగ్గరే దించి పోయారు. ఆయన దారి కూడా చూపించాడు.

పెట్రార్కు లెక్క తెలివైనదే. కానీ మన యువజన సంఘం అలా తూచలేదు, తూచరాదు కూడా. మనది కుటుంబం. బలహీనుణ్ణి ఇంటి దగ్గర వదిలిపోతే యాత్ర సులువవుతుంది. అతణ్ణి వెంటబెట్టుకుపోతే యాత్రే మారాలి. ఈ సంగతి నాకు పుస్తకంలో కాదు, హార్స్‌లీ కొండ మీద తెలిసింది.

సంతకం పెట్టకముందు ఒక పరీక్ష నడక పెట్టాను. ఒక శనివారం తెల్లవారుజామున పదిమందినీ కొండ కింది నుంచి నిండు సంచులతో నడిపించాను. నేనూ నడిచాను, ఆయాసపడుతూనే. 1265 మీటర్ల ఎత్తుగల ఆ కొండకు కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర పేరు పడింది గాని, అంతకుముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే ముసలవ్వను ఏనుగులు సాకాయని పెద్దలు చెప్పేవారు. కుప్పం రైతు వింటే ఏమంటాడో!

సగం దూరం పోయాక పుంగనూరు కుర్రాడు వెనకబడ్డాడు, దేవుడు చూసుకుంటాడన్నవాడే. షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగాడు. మళ్ళీ వంగాడు. మూడోసారి నేను దగ్గరికి పోయేసరికి పెదవులు పాలిపోయి ఉన్నాయి, రొమ్ములో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. జేబులో నుంచి ఇన్‌హేలర్ తీసి, నన్ను చూసి మళ్ళీ దాచబోయాడు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు నాయనా?"

"చెబితే వద్దంటారు స్వామీ. లేకపోతే నా వల్ల వీళ్ళ యాత్ర చెడుతుంది."

అక్కడ చాలాసేపు కూర్చున్నాం. అందరం. మండీ కుర్రాడు ఒక్క మాట మాట్లాడలేదు. లేచేటప్పుడు మాత్రం ఆ పిల్లవాడి సంచి తన సంచి మీద కట్టుకున్నాడు.

పాఠకులారా, 'నా ప్రాణం నా ఇష్టం' అన్న మాటకు ఒక రెండో ముఖం ఉంది, అది నాకు ఆ రోజు కనిపించింది. బలవంతుడు ఆ మాట గర్వంగా అంటాడు. బలహీనుడు అదే మాట లోపల అనుకొని తన జబ్బు దాచుకుంటాడు. పదిమందిలో వేగంగా నడిచేవాడి అడుగు అందరికీ కొలత అయినప్పుడు, నిదానస్థుడు అబద్ధం చెప్పక తప్పదు. ఆ అబద్ధంలో మనకూ పాలుంది.

అరిస్టాటిలు ధైర్యాన్ని గురించి చెబుతూ ఒక మాట గమనించాడు. దుడుకువాడు అపాయం రాకముందు ఉవ్విళ్ళూరుతాడు, వచ్చాక వెనక్కి తగ్గుతాడు. ధైర్యశాలి ముందు నెమ్మదిగా ఉంటాడు, పని పడినప్పుడు కదులుతాడు. పునీత తోమాస్ అక్వీనాసు వారు వివేకం అనే సుగుణాన్ని విడదీసి చూపిస్తూ ఎనిమిది భాగాలు చెప్పారు. జ్ఞాపకం, ముందుచూపు, జాగ్రత్త వంటివి మనం ఊహించేవే. వాటిలో ఒకటి మాత్రం నన్ను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆశ్చర్యపరిచింది: ఇతరుల చేత నేర్చుకొనే గుణం. ఎంత తెలివిగలవాడికైనా చేయవలసిన పనుల విషయంలో తన తెలివి ఒక్కటే చాలదని, పెద్దల అనుభవాన్ని చెవిన పెట్టాలని ఆయన భావం. ఫోనులోని గుర్తులు దారి చూపగలవు. ఏ నెలలో ఏ ఏరు పొంగుతుందో నెరబైలు మనిషే చెప్పగలడు.

అలా ఆ నోటుపుస్తకాన్ని మళ్ళీ మొదటి నుంచి రాశాం. రెండు సాయంత్రాలు పట్టింది.

ముందు కాలం. వాళ్ళు నవంబరు అనుకున్నారు, జలపాతం నిండుగా ఉంటుందని. ఆ నిండుదనమే భయం. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఎన్ని కుటుంబాలు కొట్టుకుపోయాయో మరచిపోలేం. మార్చి దాటితే గడ్డి ఎండి నిప్పు భయం. కనుక సంక్రాంతి పోయాక అని నిర్ణయించాం.

తరువాత నీళ్ళు. ఇది మండీ కుర్రాడి చేత లెక్క వేయించాను. మనిషికి రోజంతా నడకకు నాలుగు లీటర్లు. లీటరంటే కిలో. పదిమందికి నలభై కిలోలు. "ఒక టమోటా క్రేటు బరువు పైమాటే స్వామీ!" అని వాడే నోరు తెరిచాడు. మొదటి పుస్తకంలో తలా ఒక సీసా రాసుకున్నారు, స్పీకరు డబ్బా మాత్రం రెండు! డబ్బాలు రెండూ పోయాయి. మంటా పోయింది. వంట లేదు గనుక బొరుగులు, చెనక్కాయ ఉండలు, అరటిపండ్లు.

రాత్రి బస బండ మీద కాదు, అటవీ శాఖవారు అనుమతించిన విడిదిలో. రెండో రోజు నడక వారు ఒప్పుకున్న దారిలో, అక్కడి మనిషిని తోడు పెట్టుకొని. రక్తపింజరో కట్లపామో కరిస్తే కట్టు కట్టి కోసి మంత్రాలు వేయడం కాదు, కదలకుండా మోసుకుపోయి వాహనంలో ఆసుపత్రి చేర్చడం. తిరుపతి సుమారు 60 కిలోమీటర్లు. కనుక ఒక జీపు నెరబైలు వైపు ఉండాలి. పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఎవరు ఏ మందు వాడుతున్నారన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర ఉంచాలి. ఈ చివరిది రాసేటప్పుడు ఇంకొక పిల్ల లేచి తనకు మూర్ఛ మందులున్నాయని చెప్పింది. ఉబ్బసం కుర్రాడు చెప్పకపోయి ఉంటే ఆమె కూడా చెప్పేది కాదేమో.

ఎక్కువ వాదన జరిగింది వెనుదిరిగే గంట దగ్గర. పన్నెండున్నర అయ్యేసరికి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి తిరిగి రావాలి, శిఖరం కనిపిస్తున్నా సరే. "పది నిమిషాల్లో చేరేలా ఉంటే స్వామీ?" అన్నారు. ఆ పది నిమిషాలు నాకు తెలుసు. నా దగ్గర దారి కూడా పది నిమిషాలే. అలసిన బుద్ధి అక్కడ నిలబడి న్యాయంగా తీర్పు చెప్పలేదు. ఇక్కడ, వసారాలో, కడుపు నిండి నీడలో కూర్చున్నప్పుడే తీర్పు చెప్పి పెట్టుకోవాలి. ఇంకొకటి: పదిమందిలో ఎవరైనా సరే 'ఇక చాలు' అంటే కారణం అడగకుండా అందరూ ఆగాలి. ఎవరైనా సోమరితనంతో ఆ మాట వాడుకుంటే? అని అడిగారు. వాడుకోవచ్చు. అప్పుడు ఒక శిఖరం పోతుంది. శిఖరం మళ్ళీ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది.

పుంగనూరు తల్లి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఉబ్బసం కుర్రాడి తల్లి. "మీరెన్ని రాసినా నా భయం నాకుంటాది సామీ" అంది. ఆమెకు నేను బదులు చెప్పలేకపోయాను. వైద్యుడు సరేనంటేనే, రెండో రోజు నడకలో సగం దాకానే అన్నాను. ఆలోచిస్తానంది.

మూడో ఆదివారం కాగితం తెచ్చారు. సంతకం చేయబోతుండగా కుప్పం రైతు మళ్ళీ వచ్చాడు, ఈసారి కొడుకు కోసం కాదు. చేతులు కట్టుకొని, "నన్నూ రానిస్తారా సామీ? పుట్టినప్పట్నించి అడివి పక్కనే ఉండాను. రేయి తప్ప పగులు దాన్ని నింపాదిగా చూసిందే లేదు. మోకాలు కొంచెం నొస్తాది, అంతే" అన్నాడు.

మండీ కుర్రాడు నా చేతిలో నుంచి కాగితం తీసుకున్నాడు. అడుగున పదకొండో పేరు రాశాడు. ఒక క్షణం ఆగి, వెనుదిరిగే గంట దగ్గర పన్నెండున్నర కొట్టేసి పదకొండున్నర అని దిద్ది, నీళ్ళ లెక్కలో నాలుగు లీటర్లు కలిపి నాకు తిరిగి ఇచ్చాడు. నేను సంతకం చేశాను.